పెట్టుబడి చీరలకు 42 వేలు: ఈ డబ్బుతో నేసేవాళ్లకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా?

కూకట్‌పల్లి అత్తయ్య · జులై 9

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో, మాఘమాసంలో మా అబ్బాయి పెళ్లి. ముహూర్తం ఖాయం కాగానే మా ఆడపడుచు కాగితం పట్టుకుని కూర్చుని చుట్టాలకు పెట్టే పెట్టుబడి చీరల లెక్క తేల్చేసింది. పెట్టాల్సినవాళ్లు 70 మంది. చీర 600 చొప్పున 42 వేలు. హోల్‌సేల్ షాపుకు వెళ్తే ఒక్క పూటలో పని తెమిలిపోతుంది వదినా అంది.

కొత్తవి పెట్టడానికి చోటు చేద్దామని బీరువా పై అర తీశాను. పదేళ్లుగా నాకు వచ్చిన పెట్టుబడి చీరలన్నీ అక్కడే ఉన్నాయి. లెక్కపెడితే 43. కట్టినవి మూడో నాలుగో. మిగతావాటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. అడుగున ఉన్న ఆకుపచ్చ చీర కవరు మీద, ఒక మూలన, నా చేతిరాతే కనిపించింది. అయిదేళ్ల కిందట మా మరిది గృహప్రవేశానికి ఎవరికి ఏది అని నేను పెన్నుతో రాసిన పేరు అది. ఎన్ని చేతులు మారిందో, చివరికి మళ్లీ నా ఇంటికే వచ్చింది. ఆ కవరు పట్టుకుని చాలాసేపు మంచం మీద కూర్చుండిపోయాను.

నేను ముప్పై ఏళ్లు స్కూల్లో లెక్కలు చెప్పాను. పైసా పైసా కూడబెట్టిన డబ్బు ఇది. పెట్టుబడులు మానేద్దామంటే ఇంట్లో ఒప్పుకోరు. నాకూ వచ్చినవాళ్లకి బొట్టు పెట్టి, చీర చేతిలో పెట్టి పంపడం ఇష్టమే. ఎలాగూ ఖర్చు పెట్టే డబ్బు నేసేవాళ్ల ఇంటికి చేరితే బాగుండునని నా ఆశ.

తెలిసినవాళ్లు చెప్పండి. 600కి చేనేత చీర వస్తుందా? చీర ధరలో నేసినాయనకు ఎంత ముడుతుంది? మగ్గం మీద నేసిందో మర మీద వచ్చిందో నాలాంటివాళ్లం ఎలా పోల్చుకోవాలి? "ఒక్క పెళ్లి చీరలతో ఎవరి బతుకు మారుతుంది?" అని మావారు అడుగుతున్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

---

గుంటమగ్గం · జులై 9

అమ్మా, మాది మంగళగిరి. నాన్న నలభై ఏళ్లుగా మగ్గం మీదే ఉన్నారు. నేను గుంటూరులో ఉద్యోగం చేస్తున్నా, ఆదివారం ఇంటికెళ్తే అమ్మ పక్కన కూర్చుని కండెలు చుడతాను. మా ఇంటి లెక్క చెప్తాను. ఊరందరిదీ ఇదే అని కాదు.

నాన్న పొద్దున ఏడింటికి మగ్గం కింద గుంటలో కాళ్లు పెట్టి, అన్నానికి తప్ప లేవకుండా నేస్తే, సన్న జరీ అంచున్న సాదా నూలు చీర దిగడానికి రోజున్నర పడుతుంది. అమ్మ పని వేరే. ఇద్దరికీ కలిపి చీరకు వచ్చే కూలి 550. నూలు, రంగు, జరీ, పడుగుకు (నిలువు పోగులకు) గంజి పెట్టించడం, ఇవన్నీ ఇంకో 400. చీర మగ్గం దిగేసరికే 950 అయింది. కాబట్టి 600కి చేనేత చీర అని ఎవరైనా అమ్మితే అది మరమగ్గం చీర అయినా అయి ఉండాలి, ఎవరి కూలో ఎగ్గొట్టిందైనా అయి ఉండాలి. మా దగ్గర మాస్టర్ వీవర్, అంటే పడుగు ఇచ్చి మాతో నేయించుకుని అమ్మే ఆయన, 1,250కి ఇస్తారు. అదే చీర పట్నం షాపులో 2,000 పలుకుతుంది.

ఇక మీవారు అడిగిన మాట. దానికి మా ఇంట్లో జరిగిందే చెప్తాను.

వానాకాలం వచ్చిందంటే మాకు టెన్షన్. మగ్గం గుంటలోకి అడుగు నుంచి నీళ్లు ఊరతాయి. నాన్న పొద్దున్నే డబ్బాతో తోడిపోసి, గోనెసంచి మడత పెట్టి దాని మీద పాదాలు ఆనించి కూర్చుంటారు. తేమకు గంజి మెత్తబడి పడుగు పోగులు ఒకదానికొకటి అతుక్కుంటాయి, లాగితే తెగుతాయి. తెగిన ప్రతి పోగునూ వేళ్లతో ముడేసుకుంటూ పోతే రోజంతా నేసినా మూర పైన దిగదు. పైగా ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, మూఢం కూడా కలిసిన ఏడు ఆ తర్వాత కూడా ఉండవు, షాపులవాళ్లు సరుకు ఎత్తరు. ఆ రెండు నెలలు ఇల్లు గడవడానికి మాస్టర్ వీవర్ దగ్గర అడ్వాన్సు తీసుకుంటాం. అది తీరేదాకా ఆయనకే నేయాలి, ఆయన చెప్పిన రేటుకే నేయాలి. బాకీ ఉన్నవాడికి కూలి పెంచమని అడగడానికి నోరు పెగలదు. ఆయన చెడ్డవాడేమీ కాదు, ఆయనకూ షాపుల నుంచి డబ్బు ఆరు నెలలకు వస్తుంది.

2019లో ఒక కాలేజీ మేడమ్స్ కొందరు కలిసి జూన్‌లోనే 30 చీరలు చెప్పి, సగం డబ్బు ముందే చేతిలో పెట్టారు. ఆ వానాకాలం మేం అడ్వాన్సు తీసుకోలేదు. దసరాకి మాస్టర్ వీవర్ కొత్త పడుగు ఇవ్వడానికి వచ్చినప్పుడు నాన్న మొదటిసారి బేరమాడారు. చీరకు 40 రూపాయలు పెరిగింది. ఒకరికి పెంచి పక్కింటివాళ్లకు పెంచకపోతే ఊరుకోరు కదా, మా వరసలో ఇంకో ఆరు మగ్గాలకూ పెంచారు. ఆ 30 చీరలు ఎప్పుడో అయిపోయాయి. పెరిగిన 40 మాత్రం తగ్గలేదు.

అందుకే మీరు ఎంత ధర పెడతారన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు చెప్తారు, డబ్బు ఎప్పుడిస్తారు అన్నవి మాకు అంతకంటే ముఖ్యం. పెళ్లి మాఘంలో అన్నారు. ఇప్పుడే చెప్పండి. జనవరిలో షాపుకు వెళ్లి కొంటే, అవి నేసినవాళ్లు ఈ వానలకే అప్పు చేసి ఉంటారు.

---

చీరల కొట్టు, విశాఖ · జులై 10

అక్కా, గుంటమగ్గం తమ్ముడు చెప్పింది అక్షరాలా నిజం. నేను కొనుక్కుని అమ్మేదాన్ని కాబట్టి ఆ పక్క నుంచి చెప్తాను.

ఎనిమిదేళ్లుగా ఇంట్లో ముందు గదిలోనే చిన్న కొట్టు నడుపుతున్నాను. మొదటి ఏడాది అందరూ ఎలా చేస్తారో అలాగే చేశాను. సరుకు తెచ్చుకోవడం, అమ్ముడైన మూడు నెలలకు డబ్బు ఇవ్వడం, పోనివి వెనక్కి పంపడం. బట్టల వ్యాపారంలో ఇది మామూలు, ఎవరూ తప్పుగా అనుకోరు. ఒకసారి చీరాల వైపు నుంచి ఒకాయన ఫోన్ చేసి, "అమ్మా, పాప ఫీజు కట్టాలి, కొంచెం సర్దుతారా" అన్నారు. ఆయనకు నేను ఇవ్వాల్సింది 15 వేలు. అడిగితే తెలిసింది, వాళ్లావిడ కమ్మలు అప్పటికే తాకట్టులో ఉన్నాయి, నూటికి మూడు రూపాయల వడ్డీ. 15 వేలకు మూడు నెలల వడ్డీ 1,350. అంటే నా కొట్టుకు పెట్టుబడి పెట్టింది ఆమె కమ్మలే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే డబ్బు పంపించాను.

అప్పటి నుంచీ రెండు నియమాలు పెట్టుకున్నాను. చీర చేతికందిన వారంలోపు డబ్బు పంపిస్తాను. అమ్ముడుపోనిది వెనక్కి పంపను, ఎంపిక నాది కాబట్టి నష్టమూ నాదే. దీనివల్ల కొట్టులో రకాలు తగ్గాయి, లాభం కూడా తగ్గింది. కానీ పన్నెండు కుటుంబాలు మంచి నేత ఏదైనా ముందు నాకే చూపిస్తాయి. ఏ షాపులో కొన్నా సరే మీరు కూడా ఈ ఒక్క ప్రశ్న అడగండి అక్కా: నేసినవాళ్లకు డబ్బు ఎన్నాళ్లకు ఇస్తారు? సరిగ్గా ఇచ్చేవాళ్లు సంతోషంగా చెప్తారు.

పోల్చుకోవడం గురించి. సిల్క్ మార్క్ చూసి చాలామంది చేనేత అనుకుంటారు. అది పట్టు స్వచ్ఛమైనదని మాత్రమే చెప్తుంది, మరమగ్గం మీద నేసిన పట్టుకూ వేస్తారు. మగ్గం నేతకు 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ వేరే ఉంది. పోచంపల్లి లాంటివైతే చీర తిరగేసి చూడండి. దారానికి ముందే రంగులద్ది నేసే చిటికి డిజైన్ రెండు వైపులా ఒకే రంగుతో ఉంటుంది, డిజైన్ అంచు కాస్త చెదిరినట్టు ఉంటుంది. ప్రింటు అయితే వెనక వెలిసినట్టు కనిపిస్తుంది. కొన్ని రకాలు చేనేతకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది, మరమగ్గం మీద వాటిని నేయడం నేరం. కానీ డిజైన్‌ను గుడ్డ మీద అచ్చు వేస్తే ఆ చట్టానికి అందదు. పోచంపల్లి వాళ్ల కడుపు కొడుతున్నది ముఖ్యంగా ఆ ప్రింటు చీరలే.

సాదా నూలు చీరను చూసి పోల్చడం నాక్కూడా ఒక్కోసారి కష్టమే. అందుకే వీలైతే చేనేత సహకార సొసైటీ దగ్గరో, మగ్గం ఉన్న ఇంట్లోనో కొనండి. "డైరెక్ట్ ఫ్రమ్ వీవర్" అని వాట్సాప్‌లో వచ్చే ప్రతిదాన్నీ నమ్మకండి. వీడియో కాల్‌లో మగ్గం మీద ఉన్న చీర చూపించమంటే తేలిపోతుంది.

---

కూకట్‌పల్లి అత్తయ్య · జులై 10

ఇద్దరికీ చాలా థాంక్స్. బాబూ, మీ నాన్నగారి గోనెసంచి సంగతి మావారికి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు, కాసేపటికి "ఆషాఢం అయిపోక ముందే వెళ్లొద్దామా" అన్నారు.

కానీ లెక్క కుదరడం లేదు. 70 మందికి 1,250 అంటే 87,500. మా వల్ల కాదు.

---

తెనాలి కోడలు · జులై 10

పిన్నిగారూ, మా మరిది పెళ్లికి మేం చేసింది చెప్తాను. దగ్గరివాళ్లకి మాత్రం చీర. మిగతా అందరికీ తాంబూలంలో మంగళగిరి జాకెట్ ముక్క. 220 పడింది. చీరైతే కడతారో కట్టరో కానీ, మంచి జాకెట్ ముక్కని ఎవరూ బీరువాలో పెట్టరు, కుట్టించుకుంటారు. మగవాళ్లకు నేత తువ్వాళ్లు పెట్టాం.

---

సిరిసిల్ల బిడ్డ · జులై 11

అమ్మా నమస్తే. అందరూ మంచిగ చెప్పిన్రు. ఒక్క మాట మాత్రం చెప్పాలనిపించింది.

మా బాపు మరమగ్గాల షెడ్డులో కూలి. పన్నెండు గంటల షిఫ్టు. సాంచాల (మరమగ్గాల) చప్పుడుకి ఇంట్లో కూడా గట్టిగానే మాట్లాడతాడు, చెవులు అట్లయినయి. ఇక్కడ "మరమగ్గం చీర" అంటే ఏదో పాపం చేసినట్టు చదివితే మనసుకు కష్టమైంది. మేం కూడా పద్మశాలీలమే, మా తాత గుంటమగ్గం మీదే నేసిండు. 2017లో సర్కారు పంచిన బతుకమ్మ చీరల ఆర్డర్లు మొదలైనంక ఏటా కోటి దాకా చీరలు ఇక్కడ నేసినం. ఆ ఆర్డర్ ఉన్న నెలల్లో బాపు బాకీలు తీరినయి. లేని నెలల్లో షెడ్డుకు తాళం. అంటే గుంటమగ్గం అన్న చెప్పిన కథే మాది కూడా.

మర మీద నేసింది మర మీద నేసిందని చెప్పి అమ్మితే అందులో తప్పు లేదు. చేనేత అని చెప్పి అమ్ముడు తప్పు. ఆ మోసం చేసేది సాంచ నడిపే కూలి కాదు.

యంత్రం అంటేనే చేనేతకు శత్రువు అని కూడా అనుకోవద్దు. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే దారాన్ని కొయ్యల చుట్టూ చేత్తో తిప్పాలి, ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. ఆ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లే చేస్తరు. ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో ఆసు యంత్రం చేసిండు, అమ్మ పేరు లక్ష్మి అనే దానికి పెట్టిండు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చీర నేసేది ఇప్పటికీ చేత్తోనే, భుజాల నొప్పి మాత్రం తప్పింది. మంచి వ్యాపారం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆయనే.

---

గుంటమగ్గం · జులై 11

సిరిసిల్ల తమ్ముడూ, నీ మాట నిజం. నేను రాసినదాంట్లో నిన్ను నొప్పించే మాట ఉంటే మన్నించు. 2019-20 చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల మంది ఈ పనిలో ఉన్నట్టు తేలింది. నేత కుటుంబాల్లో మూడింట రెండొంతుల కుటుంబాలకు నెలకు 5,000 కూడా రావడం లేదని అప్పట్లో తేలింది. ఇంత తక్కువ వస్తే పిల్లలు ఎటో ఒకటు వెళ్లిపోతారు. కొందరు మీ షెడ్డుల్లోకి, నాలాంటివాళ్లు ఆఫీసుల్లోకి. మా నాన్న తర్వాత మా మగ్గం మీద కూర్చునేవాళ్లు లేరు. అది తలుచుకుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

---

కూకట్‌పల్లి అత్తయ్య · మార్చి 2

అందరికీ మళ్లీ నమస్కారం. పెళ్లి బాగా జరిగింది. సలహాలిచ్చినవాళ్లకి ఏం చేశామో చెప్పడం నా బాధ్యత అనిపించి రాస్తున్నాను.

జులై ఆఖరులో మేమిద్దరం మంగళగిరి వెళ్లాం. గుంటమగ్గం బాబు వాళ్లింటికి కాకుండా, వాళ్ల నాన్నగారు చూపించిన ఇంకో ఇంటికి వెళ్లాం. తనకు పడుగు ఉంది, ఆ ఇంట్లో రెండు నెలలుగా లేదు అన్నారాయన. అక్కడ మగ్గం ఖాళీగా ఉంది. గుంటలో నీళ్లు లేవు కానీ అడుగు తడిగా, ఒక రకమైన మట్టి వాసనతో ఉంది. మావారు అందులో కాళ్లు పెట్టి కూర్చుని చూశారు. పది నిమిషాలకే నడుం పట్టేసింది, లేవడానికి ఆ ఇంటాయన చెయ్యి అందించాల్సి వచ్చింది.

జాబితా మళ్లీ రాశాం. చీరలు 26, జాకెట్ ముక్కలు 44. చీర 1,250 చొప్పున 32,500, ముక్క 220 చొప్పున 9,680, మొత్తం 42,180. సగం డబ్బు అప్పుడే ఇచ్చాం, మిగతాది రెండు విడతల్లో పంపాం. చీరలన్నీ ఆ ఒక్క ఇల్లే నేయలేదు, మూడిళ్లు పంచుకున్నాయి.

ఇబ్బందులు లేకపోలేదు. తొమ్మిది చీరలు సంక్రాంతికి రావాల్సినవి ఆలస్యమయ్యాయి. నేసే ఆయనకు జ్వరం వచ్చింది. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన భార్య గొంతులో భయం వినిపించేది, ఆర్డర్ రద్దు చేస్తామేమోనని. తొందరేమీ లేదమ్మా, పెళ్లికి అందితే చాలు అన్నాను. చివరి నాలుగు చీరల మీద ఎరుపు కాస్త వేరుగా వచ్చింది, రంగు వేరే దఫాలో అద్దారట. అందులో ఒకటి నేనే ఉంచుకున్నాను.

చుట్టాల సంగతి. మా పెద్దత్తగారు పొట్లం విప్పి "ఇదేంటే, సాదా చీర" అని మొహం మీదే అన్నారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ జవాబు చెప్పలేదు. వియ్యపురాలు మాత్రం మూడో రోజు వ్రతానికి మేం పెట్టిన చీరే కట్టుకుని పీటల పక్కన కూర్చున్నారు. ఎక్కడ తెచ్చారని ఆవిడ వైపు ఇద్దరు అడిగారు. మా ఆడపడుచు నాకంటే ముందే లేచి, గుంట దగ్గర్నుంచీ అంతా చెప్పింది. తన కూతురి పెళ్లి వచ్చే ఏడు. ఈ జూన్‌లోనే 40 చీరలకు చెప్తానంటోంది.

బీరువాలోని ఆ 43 చీరలు ఎవరికీ పెట్టలేదు. పనికొచ్చేవాళ్లు అడిగితే ఇచ్చేస్తాను. ఆకుపచ్చది మాత్రం కవరుతో సహా అలాగే ఉంది.

ఒక చిన్న సందేహం. వియ్యపురాలి ముదురు నీలం చీర మొదటిసారి ఉతికితే రంగు దిగుతుందేమోనని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?

---

గుంటమగ్గం · మార్చి 2

అమ్మా, మొదటిసారి విడిగా తడపమనండి. చల్లటి నీళ్లలో గుప్పెడు కళ్లుప్పు వేసి, చీర పది నిమిషాలు ఉంచి, పిండకుండా నీడన ఆరేయాలి. కొంచెం నీలం దిగుతుంది, కంగారు పడొద్దు. తర్వాతి ఉతుకుల్లో తగ్గుతుంది. వాషింగ్ మెషీన్ వద్దు. గంజి పలచగా పెడితే చాలు.

మీరు చెప్పిన ఆ ఇంట్లో మొన్న ఉగాదికని కొత్త పడుగు ఎక్కించారు. అడ్వాన్సు లేకుండా.